నలభై ఏడో కొక్కెం

మా బడిలో తరగతి కంటే ముందు
కోట్ల గది వస్తుంది.
ఉలాన్‌బాతర్ చలి గుమ్మం దాకా వెంటొచ్చి ఆగిపోతుంది.
త్సెవెల్మా అవ్వ కోటు అందుకుని, కొక్కేనికి తగిలించి
ఇత్తడి బిళ్ళ చేతిలో పెడుతుంది.
నాది నలభై ఏడు.

ఎవరు ఎవరో ఆ గదిలోనే తేలిపోతుంది.
మేడల పిల్లల కోట్లకి సబ్బు వాసన.
కొండవాలు గుడారాల పిల్లల కోట్లకి
బొగ్గుపొగ వాసన.
ఉతికినా పోదు.
ఉతికింది ఆరేసేదీ ఆ పొగలోనే కదా.

నేను రోజూ బడి దాటి రెండు స్టాపులు పోయి
వంతెన దగ్గర దిగి వెనక్కి నడిచొస్తాను,
మేడల వైపు నుంచే వస్తున్నట్టు.
రెప్పల మీద మంచు పేరుకుంటుంది.
రాత్రి కోటుని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి
గుడారం బయట పెడతాను.
పొద్దుటికి చెక్కలా బిగుసుకుపోతుంది.
పాపం, వేసుకునేముందు కాస్త వెచ్చబెడదామని
అమ్మ పొయ్యి దగ్గరికి తెస్తే
అమ్మ మీద అరుస్తాను.

అనుజిన్ వాళ్ళు నన్ను బల్ల చివర కూర్చోనిస్తారు.
చివరంటే, సగం ఒళ్ళు గాలిలో.
ఆ సగం బల్ల కోసం ఎన్ని నవ్వులు ఖర్చుపెట్టానో
లెక్క రాసుంటే ఓ నోట్‌బుక్ నిండేది.

నవంబరులో దుల్గూన్ వచ్చింది.
అన్న కోటు, చేతులు లోపలికి మడిచి కుట్టింది.
తను తలుపు తీయగానే
అనుజిన్ మఫ్లర్ ముక్కు మీదికి లాక్కుంది.
మాటేం లేదు.
ఒక్కో మఫ్లరే లేచింది,
పదో తరగతి మొత్తం మంచు తుఫానులో కూర్చున్నట్టు.
నాదీ లేచింది.
అందరికంటే పైకి, కళ్ళ దాకా.

దుల్గూన్ బిళ్ళ నలభై ఎనిమిది.
మర్నాడు అవ్వనడిగాను, గొంతు తగ్గించి:
"నా కోటు ఇంకోచోట పెట్టవూ? ఆ వాసన అంటుకుంటోంది."
అవ్వ రెండు కోట్లూ దించింది.
ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని
ముక్కు దగ్గర పెట్టుకుంది,
పాలు విరిగాయేమో చూసినట్టు.
"ఏది దేనికి అంటుకుంటోంది, బిడ్డా?"
వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

ఆదివారం నీళ్ళ కొట్టు.
తోపుడుబండి మీద మూడు డబ్బాలు కట్టుకుని వెళ్తే
వరసలో నా ముందు అదే కోటు,
మడిచి కుట్టిన అవే చేతులు.
వెనక్కి పోదామంటే వాలంతా గాజులా గడ్డకట్టింది.
పోయినా, ఖాళీ డబ్బాలు చూసి అమ్మ ఊరుకోదు.
తను తిరిగి చూసింది.
ఆశ్చర్యపోలేదు, అదే నన్ను చంపేసింది.
"ఆ వంతెన దగ్గర గాలి ఎక్కువ," అంది.
"చెవులు కప్పుకుని దిగు."

ఎన్నాళ్ళ నుంచి తెలుసో.
బస్సులో ఎన్నిసార్లు నా వెనక సీట్లోనే ఉందో.
ఒక్క మాట చాలు, నా సగం బల్ల ఊడిపోవడానికి.
ఆ మాటని బుగ్గన పెట్టుకుంది,
ఎండిన పెరుగుముక్కలా,
కొరకలేదు, ఉమ్మలేదు.

వాలెక్కేటప్పుడు నా బండి జారింది.
తన బండికి రాయి అడ్డం పెట్టి వచ్చి
నా డబ్బాలకి భుజమానించింది.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
కొండ మీద వందల గొట్టాలు.
ఒక్కో పొగ కింద ఎవరో ఒకరు చేతులు కాచుకుంటున్నారు.
తన చేతులకి తొడుగుల్లేవని అప్పుడు చూశాను.

సోమవారం బడి ముందే దిగాను
అని రాస్తే బాగుండేది.
దిగలేదు.
వంతెన దాకా పోయాను. గాలి ఎక్కువే.
చెవులు కప్పుకుని నడిచొచ్చి
బల్ల చివర, ఉన్న సగంలో సర్దుకున్నాను.

సాయంత్రం బిళ్ళ ఇచ్చాను.
అవ్వ చోటు మార్చలేదు.
కోటు తీయబోతే రాలేదు.
దాని చెయ్యి నలభై ఎనిమిది జేబులోకి దూరి
పొద్దుట్నుంచీ
అక్కడే ఉన్నట్టుంది.